సైదమ్మ అని పెడితే నవ్వేదెవరు?

మొదటి అక్షరం కలిస్తే మొక్కు తీరినట్టేనట! మావైపు ఈ మధ్య పుట్టిన కొత్త శాస్త్రం ఇది. పిల్లలు కావాలని జాన్‌పహాడ్ దర్గాలోని సైదులుకు మొక్కుకుంటారు. పుడితే నీ పేరే పెట్టుకుంటామని దండం పెట్టి వస్తారు. ఆడపిల్ల పుట్టగానే ఫోన్ తీసి 'స' అక్షరం పేర్లు వెతికి సహస్ర అనో, సాన్విత అనో రాయిస్తారు. ఇదేంటని అడిగితే "సైదమ్మ అంటే బడిలో నవ్వుతరు" అంటారు.

ఎవరు నవ్వుతారండీ? మిర్యాలగూడ, హుజూర్‌నగర్ దిక్కు బడుల్లో సైదులు అని పిలిస్తే ఇద్దరు ముగ్గురు లేచి నిలబడేవాళ్లు!

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. జాన్‌పహాడ్ ఇప్పుడు సూర్యాపేట జిల్లా పాలకవీడు మండలంలో ఉంది. 2016 దాకా నల్లగొండ జిల్లానే. అక్కడి దర్గాకు జనవరిలో ఉర్సు, అంటే ఏటా చేసే జాతర, జరుగుతుంది. గంధం ఊరేగింపుకు హిందువులు, ముస్లింలు అని లేకుండా జనం విరగబడతారు. మొక్కున్నవాళ్లు మేకను కోసి కందూరు, అంటే మొక్కుబడి విందు, చేస్తారు.

అరబ్బీలో సయ్యిద్ అంటే పెద్ద, ప్రభువు. ప్రవక్త వంశం వాళ్లను గౌరవంగా అలా పిలుస్తారు. ఆడవాళ్లయితే సయ్యిదా. ఆ సయ్యద్ మన రైతుల నోట్లో పడి సైదు అయింది. రాముణ్ణి రాములు, నరసింహస్వామిని నర్సింహులు చేసినట్టే దీనికీ 'లు' తగిలించారు. ఆడపిల్లకు 'అమ్మ' కలిపితే సైదమ్మ. రెడ్ల ఇళ్లలో సైదిరెడ్డి, తండాల్లో సైదా నాయక్. వెనక తోక మారింది తప్ప సైదు మారలేదు. సగం అరబ్బీ, సగం తెలుగు అయిన ఈ పేరును ఏ పండితుడూ తయారు చేయలేదు. పొలం పనులకు పోయే తల్లులు చేశారు.

యాదగిరిగుట్టకు మొక్కితే యాదమ్మ. పెద్దగట్టు లింగమంతుల స్వామికి మొక్కితే లింగమ్మ. పాలమూరు దిక్కు కురుమూర్తికి మొక్కితే కురుమయ్య. అదే వరుసలో సైదమ్మ. అన్న యాదగిరి, చెల్లె సైదమ్మ ఉన్న ఇళ్లు ఎన్నో. దాన్ని మతసామరస్యం అని ఆ ఇంట్లో ఎవరూ అనుకోలేదు. అడిగితే ఇచ్చిండు, పేరు పెట్టుకున్నం, అంతే.

'అమ్మ'తో ముగిసే పేర్లు మొరటుగా ఉంటాయనే సిగ్గును కొంత అర్థం చేసుకోగలను. కూలికి పోయే ఆడవాళ్ల పేర్లని వాటికి ముద్ర వేసింది మన చదువుకున్న జనమే. కానీ ఈమధ్య ఇంకో మాట గుసగుసగా వినబడుతోంది. "అది తురకోళ్ల పేరు కదా?" ఇక్కడే నాకు మండుతుంది. బిడ్డను ఇయ్యమని అడిగినప్పుడు లేని పట్టింపు బియ్యంలో పేరు రాసేటప్పుడు ఎక్కడి నుంచి వచ్చింది?

ఇంకో తమాషా. సైదులు అనే పేరున్న కుర్రాళ్లు హైదరాబాద్ పోయి సాయి అయిపోతున్నారు. షిరిడీ సాయి షిరిడీలో ఎక్కువ కాలం ఉన్నది ఎక్కడ? మసీదులో! జనం ఆయన్ని ఫకీరు అని కూడా పిలిచారు. పేరు మార్చుకుని ఎంత దూరం పోయినట్టు?

పైగా కొత్త పేర్లకు అర్థాలు చెప్పడం ఒకటి. ఆ ఆడపిల్లల పేర్ల జాబితాల్లో ఏ పేరు కొట్టినా 'లక్ష్మీదేవి' అనే వస్తుంది. ఏ నిఘంటువులో ఉందని అడిగితే ముఖం చిట్లిస్తారు. అసలు అర్థం ఉన్న పేరు చేతిలో పెట్టుకుని అర్థం లేనిదానికి అర్థం వెతుక్కోవడం ఏం తెలివో!

'అమ్మ' మరీ బరువైతే తీసేయండి. సైదా అని పెట్టండి, పొట్టిగా, ముద్దుగా ఉంటుంది. లేదూ సర్టిఫికెట్‌లో సహస్రే ఉండాలంటారా, ఉండనీయండి. రేపు కందూరు చేసి ఫాతెహా ప్రార్థన చదివించేటప్పుడు దర్గా చూసుకునే ముజావర్ "పిల్ల పేరేంది?" అని అడుగుతాడు. అక్కడ ఏం చెప్తారో ఇంట్లోనూ అదే పేరుతో పిలవండి.