మూడు హెచ్‌పీ ఎండతో విమానం లేస్తుందా?

మా చిన్నాయన మిర్చి చేలో మూడు హెచ్‌పీ సోలార్ మోటారు ఉంది. మిట్టమధ్యాహ్నం పైపు నిండా నీళ్లు దూకుతాయి. అదే చిన్న మబ్బు అడ్డొచ్చిందా, ధార సన్నబడి పైపు మూతి పట్టుకుని కారుతుంది, మబ్బు కదిలేదాకా గట్టు మీద కూర్చోవాల్సిందే. సోలార్‌తో ఎగిరే చిన్న విమానాల మాట ఎక్కడ విన్నా నాకు ఆ పైపే గుర్తొస్తుంది.

మహారాష్ట్రలోని సిరొంచ వాళ్లం విమానం మీద ఆశ పెట్టుకోవడంలో తప్పేం లేదు. మా జిల్లా కేంద్రం గడ్చిరోలి దాదాపు 200 కిలోమీటర్లు, మధ్యలో అడవి. ఒకసారి వానల్లో, జ్వరంతో మూలుగుతున్న పిల్లను ఒళ్లో పెట్టుకుని ఆ దారిన వెళ్లాను, గుంత గుంతకీ పిల్ల ఉలిక్కిపడి నా చొక్కా పట్టుకునేది, ఆ టెన్షన్ ఇప్పటికీ పోలేదు.

కానీ లెక్క చూడండి. ఇద్దరు కూర్చునే చిన్న విమానం రెక్కల వైశాల్యం సుమారు 10 చదరపు మీటర్లు. మంచి ఎండలో చదరపు మీటరుకు వెయ్యి వాట్లు పడుతుంది, అందులో సోలార్ ప్లేట్లు కరెంటుగా మార్చేది 22 శాతం. అంటే 2.2 కిలోవాట్లు, సరిగ్గా మా చిన్నాయన మోటారంత! యూరప్‌లో 2020లో అనుమతి పొందిన పిపిస్ట్రెల్ బ్యాటరీ విమానం మోటారు 57 కిలోవాట్ల పైమాటే, గాల్లోకి లేచాక నిలకడగా వెళ్లడానికే 20 కిలోవాట్లకు అటూ ఇటూ కావాలి. అది ఎగిరేది 50 నిమిషాలు. రెక్కల నిండా ప్లేట్లు పరిచినా, వాటి బరువు లెక్కలోకి తీసుకోకుండానే, ఇంకో ఐదు నిమిషాలు కలిసొస్తాయి, అంతే.

మరి సోలార్ ఇంపల్స్ అనే సోలార్ విమానం ప్రపంచం చుట్టి రాలేదా అంటారు. వచ్చింది, 2015 మార్చిలో మన అహ్మదాబాద్‌లో, వారణాసిలో దిగింది కూడా. దాని రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరకు 72 మీటర్లు, అందులో కూర్చునేది ఒక్కడే, వేగం సగటున గంటకు 75 కిలోమీటర్లు. జపాన్ నుంచి హవాయికి దాదాపు ఐదు రోజులు ఏకధాటిగా ఎగిరిన ప్రయాణంలో బ్యాటరీలు వేడెక్కి పాడైతే, మళ్లీ కదలడానికి మరుసటి ఏప్రిల్ దాకా ఆగాల్సి వచ్చింది. గొప్ప సాహసం, నాకు నిజంగా గౌరవం. మా ఊరి పేషెంటును మాత్రం అది మోయలేదు.

అన్నిటికంటే పెద్ద చిక్కు వేరే ఉంది. మాకు విమానం కావాల్సింది ఎప్పుడు? 2022 జులైలో ప్రాణహిత, గోదావరి కలిసి ఊళ్ల మీదికొచ్చిన లాంటి రోజుల్లో. ఆ రోజుల్లో ఎండెక్కడ?

అందుకే నేననేది, ప్లేట్లను రెక్కల మీద కాదు, ఆస్పత్రి కప్పు మీద పెట్టండి. అక్కడ బరువుతో పని లేదు, ఎంత జాగా ఉంటే అంత పరచొచ్చు, ఎండ కాసినప్పుడు బ్యాటరీలో దాచుకోవచ్చు. ఆ కరెంటుతో మనిషిని మోసే విమానం కాకపోయినా మందుల డ్రోన్ నడుస్తుంది. 2021 సెప్టెంబరులో వికారాబాద్‌లో డ్రోన్లతో మందులు, టీకాలు పంపి చూశారు కూడా. గాలివానలో అదీ లేవదు, నిజమే, కానీ వాన తెరిపిచ్చిన గంటలో, రోడ్డు మీద నీళ్లు ఇంకా తీయకముందే, పాము కాటు మందు వాగు దాటి వెళ్లిపోతుంది.