ఎమ్మెల్యే మెసేజ్ పంపితే సరిపోతుందా?

మా కాలనీ వాట్సాప్ గ్రూపులో రెండేళ్లుగా ఎమ్మెల్యే ఆఫీసు నుంచి వచ్చే సమాచారం పెడుతున్నారు. వాన హెచ్చరికలు, నీళ్లు రాని రోజులు, అత్యవసర నంబర్లు, సైబర్ మోసాల గురించి జాగ్రత్తలు. దీన్ని ఇలాగే కొనసాగించాలా వద్దా అని పోయిన ఆదివారం సంఘం మీటింగులో పెద్ద వాదనే జరిగింది. ఒకవైపు ఆ గ్రూపు నడిపే మా సంఘం సెక్రటరీ. ఇంకోవైపు శాసనసభ సచివాలయంలో రిపోర్టరుగా, అంటే సభలో మాట్లాడే మాటలు రాసుకునే ఉద్యోగిగా, పనిచేసి రిటైరైన పెద్దాయన. నా మనసు పెద్దాయన వైపే ఉందని ముందే చెప్పేస్తున్నాను. కానీ ఆమె అన్నవాటిలో రెండు మూడు మాటలకు ఆయన దగ్గరే కాదు, నా దగ్గరా జవాబు లేదు. గుర్తున్నంత వరకు రాస్తున్నాను.

పెద్దాయన: ఈ వారం ఎన్ని మెసేజ్‌లు వచ్చాయో లెక్కపెట్టానమ్మా. పదకొండు. నాలుగు పుట్టినరోజు శుభాకాంక్షలు, మూడు శంకుస్థాపన ఫోటోలు, రెండు పండగ గ్రీటింగులు. మిగిలిన రెండింట్లో ఒకటి ఫోన్ నంబర్ల జాబితా. రెండోది వాన హెచ్చరిక. అది కూడా వాన వెలిశాక వచ్చింది.

సెక్రటరీ: ఆ రెండింటి కోసమే గ్రూపు నడుపుతున్నాం అంకుల్. ప్రతిసారీ ఆలస్యంగా రాలేదు కదా. పోయినేడు వానాకాలంలో ఒక రాత్రి పదిన్నరకు వచ్చింది చూడండి, పై చెరువు నిండి మత్తడి దుంకుతోంది, నాలా పక్క లైన్లలో కింది ఇళ్లవాళ్లు పైకి వెళ్లిపోండి అని. ఆరిళ్ల తలుపులు నేనే కొట్టాను. మూడో ఇంట్లో మామ్మ ఒక్కతే ఉంది. మంచం కింద ఇనుప పెట్టె, దాంట్లో మనవరాలి సర్టిఫికెట్లు. పెట్టె తీస్తే తప్ప కదలనంది. ఆమెనూ పెట్టెనూ మెట్లెక్కించేసరికి సంప్ మూత మీద పెట్టిన ఇటుకలు నీళ్లలో కదులుతున్నాయి. తెల్లారి చూస్తే పరుపు తడిసి ముద్దయిపోయింది. ఆ రోజు మెసేజ్ రాకపోతే?

పెద్దాయన: ఆ మెసేజ్ మంచిదే. కాదనను. కానీ చెరువు సంగతి ఎమ్మెల్యేకు ఎవరు చెప్పారు? ప్రభుత్వ శాఖవాళ్లే. ఎక్కడ ఎంత వాన పడిందో రాష్ట్ర ప్రభుత్వ ప్రణాళికా సంస్థ టీజీడీపీఎస్ వెబ్‌సైటులో ఎప్పటికప్పుడు పెడుతూనే ఉంటారు. ఆ సమాచారం మనకు నేరుగా రావాలి. అది మన హక్కు. మధ్యలో ఒకరి ఫోటో చేరి, ఆయన దయతో వచ్చినట్టు ఎందుకు కనిపించాలి?

సెక్రటరీ: మామ్మకు స్మార్ట్ ఫోనే లేదంకుల్, వెబ్‌సైటు ఎక్కడ చూస్తుంది? వాతావరణ శాఖ ఆరెంజ్ అలర్ట్ అంటే నగరం మొత్తానికీ అదే. మన నాలా పొంగుతుందా లేదా అన్నది ఆ రంగు చూస్తే తెలియదు. మన వీధి పేరు పెట్టి చెప్పేవాళ్లు ఒక్కరుంటే, వాళ్ల ఫోటో ఉందని నేను ఆ మెసేజ్ ఆపాలా? ఇంకో సంగతి చెప్తాను, ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. సంక్రాంతి తర్వాత మా అత్తగారికి వీడియో కాల్ వచ్చింది. పోలీసు యూనిఫామ్‌లో ఒకడు. మీ పేరుతో పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయి, మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు, ఫోన్ కట్ చేయొద్దు అన్నాడు. ఆమె తలుపు గడియ పెట్టుకుని నలభై నిమిషాలు అలా కూర్చుంది. నేను వెళ్లి చూసేసరికి చేతిలో బ్యాంకు పాస్‌బుక్ ఉంది, వేళ్లు వణుకుతున్నాయి. డబ్బు ఎందుకు పంపలేదో తెలుసా? చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు, ఏ పోలీసూ వీడియో కాల్‌లో అరెస్టు చేయడు, 1930కి ఫోన్ చేయండి అని ఎమ్మెల్యే ఆఫీసు పంపింది నేను ప్రింటు తీసి ఫ్రిజ్ మీద అంటించాను. అది కళ్లబడి ఆగింది. మూడు లక్షలంకుల్. మా మామగారు పోయాక మిగిలిన మూడు లక్షలు.

(పెద్దాయన కాసేపు ఏమీ అనలేదు. అందరం ఆయన వైపే చూస్తున్నాం.)

పెద్దాయన: అమ్మగారు బాగున్నారా ఇప్పుడు?

సెక్రటరీ: తెలియని నంబరు మోగితే ఇప్పటికీ ఉలిక్కిపడుతుంది. మీరే చెప్పండి, ఆ కాగితం తీసేయమంటారా?

పెద్దాయన: తీసేయమనను. అలాంటివి రావాలి, ప్రతి ఇంటికీ రావాలి. నేను అడిగేది, శాసనసభ్యుడు అంతటితో ఆగిపోతే ఎలా అని. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమంది కొట్టుకుపోయారు. పదిహేను వేలని చెప్తారు. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. నది పైన జలాశయాలు కట్టమన్నాడు. ఉస్మాన్‌సాగర్ వచ్చింది, హిమాయత్‌సాగర్ వచ్చింది. పాలించేవాళ్ల పని అది. ఆపద వస్తోందని చాటింపు వేయించడం ఒక్కటే కాదు, ఆపదకు అడ్డుకట్ట వేయాలి.

సెక్రటరీ: ఉస్మాన్‌సాగర్ ఏ ఏడు పూర్తయింది?

పెద్దాయన: 1920.

సెక్రటరీ: హిమాయత్‌సాగర్?

పెద్దాయన: 1927.

సెక్రటరీ: మొదటిదానికి పన్నెండేళ్లు, రెండోదానికి పంతొమ్మిదేళ్లు. ఈలోపు మూసీ ఒడ్డున ఉన్నవాళ్లు ఏం చేయాలి? వరద రోజున ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టెక్కి నూట యాభై మంది బతికారని మీరే మా పిల్లలకు చెప్పారు, వాళ్లను తీసుకెళ్లి చూపించారు. కట్ట కట్టేదాకా మాకు ఆ మెసేజే చింతచెట్టు. నాలా వెడల్పు చేస్తామని ఎన్నేళ్లుగా వింటున్నాం? అది అయ్యేదాకా నాకు రాత్రి పదిన్నరకు ఆ మెసేజ్ కావాలి.

(గదిలో చప్పట్లు కొట్టారు. నిజం చెప్పాలంటే నేనూ కొట్టాను.)

పెద్దాయన: సరే తల్లీ. ఇది నీ మాటే నెగ్గింది. మరి ఆ చెట్టెక్కినవాడు పైనుంచి కేకేస్తే వినాలా వద్దా? మూలమలుపు దగ్గర మ్యాన్‌హోల్‌కు మూత లేదు. కర్ర పాతి ఎర్ర గుడ్డ కట్టారు. రెండు నెలలు దాటింది, గుడ్డ వెలిసి తెల్లబడింది. 2020 సెప్టెంబరులో నేరేడ్‌మెట్‌లో పన్నెండేళ్ల పిల్ల సైకిల్ మీద వెళ్లి నాలాలో పడి పోయింది. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్ కళాసిగూడలో పాల కోసమని బయల్దేరిన ఇంకో పసిది పోయింది. మన పిల్లల స్కూల్ ఆటో ఆ మూలమలుపు దగ్గరే ఆగుతుంది. మూత ఎప్పుడు వేయిస్తారని గ్రూపులో ఒక్క లైను రాశాను. తెల్లారేసరికి లేదు. నువ్వే తీసేశావు.

సెక్రటరీ: తీసేశాను. అప్పటికి దాని కింద నూట నలభై మెసేజ్‌లు పడ్డాయంకుల్. మీ పార్టీ, మా పార్టీ, మీవాడు దొంగ, మావాడు దొర. ఒకాయన ఇంకొకాయన వాళ్ల నాన్నను కూడా తిట్టాడు. ఆ గొడవలో వాన హెచ్చరిక అడుగున పడిపోతే ఎవరు చూస్తారు? అందుకే అడ్మిన్లు మాత్రమే రాసేలా మార్చాను.

పెద్దాయన: తిట్టినవాళ్లవి తీసెయ్. నాది ఎందుకు తీశావు?

సెక్రటరీ: ఒకరిది ఉంచి ఒకరిది తీస్తే నాకూ పార్టీ రంగు పూస్తారు. ఫిర్యాదులకు వేరే గ్రూపు పెట్టాను. మీకు లింకు కూడా పంపాను. మీరే చేరలేదు.

పెద్దాయన: ఎమ్మెల్యే ఆఫీసువాళ్లు దాంట్లో ఉన్నారా?

సెక్రటరీ: లేరు.

పెద్దాయన: మరి మనలో మనం చెప్పుకోవడానికి గ్రూపెందుకు? గేటు దగ్గర నిలబడి చెప్పుకోవచ్చు.

సెక్రటరీ: చేరమని వాళ్లను మూడుసార్లు అడిగాను. అది మీకు తెలియదు. సెక్రటరీ పని ఏదో గొప్పని అందరూ అనుకుంటారు. రోజుకు ముప్పై ఫోన్లు. నీళ్లు రాకపోతే నాకు, కుక్క కరిస్తే నాకు, కరెంటు పోతే 1912కి చేయమని నంబరు పంపినా మళ్లీ నాకే. జీతం లేదు, థాంక్స్ కూడా లేదు. మీరు ఒక్కరోజు ఈ ఫోన్ పట్టుకోండి.

పెద్దాయన: నిన్ను అనట్లేదమ్మా. నువ్వు లేకపోతే ఈ కాలనీయే లేదు. నా కోపం నీ మీద కాదు. ఎవరి మీదో చెప్తాను, కాస్త ఓపిగ్గా విను.

2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో ఒక బిల్డింగు తగలబడింది. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి. 8 మంది పోయారు. పొగ మెట్లదారినే పైకి ఎక్కితే మనిషి ఎటు దిగుతాడు? ఆర్నెల్లు తిరిగేసరికి, 2023 మార్చిలో, స్వప్నలోక్ కాంప్లెక్స్. ఆరుగురు, అందరూ పాతికేళ్ల లోపు పిల్లలే, ఉద్యోగాలకొచ్చినవాళ్లు. అదే ఏడు నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్. అపార్ట్‌మెంటు కింద కెమికల్ డ్రమ్ములు, పైన సంసారాలు. కనీసం 9 మంది. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్. 17 మంది, అందులో 8 మంది పసిపిల్లలు. లోపలికి పోవాలన్నా బయటికి రావాలన్నా ఒకటే ఇరుకు దారి. ప్రతిసారీ మర్నాడు మనకు ఏం వచ్చింది? నివాళి ఫోటో, కింద 101కి ఫోన్ చేయండి అని. 101 నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

ఇప్పుడు మన రూలు చూడు. ఇల్లయితే 18 మీటర్లు, వాణిజ్య భవనమైతే 15 మీటర్లు ఎత్తుంటే ఫైర్ ఎన్‌ఓసీ, అంటే అగ్నిమాపక శాఖ అనుమతి, కావాలి. గుల్జార్ హౌజ్ ఇల్లు అంత ఎత్తు లేదు. మన మెయిన్ రోడ్డు లైను చూడు. కింద పరుపుల దుకాణం, దాని పక్కన పెయింట్లు, మెట్ల కిందే కరెంటు మీటర్లు, పైన మూడంతస్తుల్లో పిల్లాపాపలతో కుటుంబాలు. ఒక్కటీ 18 మీటర్లు ఉండదు. కింద దుకాణం, పైన ఇల్లు ఉన్న చిన్న బిల్డింగుకు ఇంకో మెట్లదారి ఉండాలా, మీటర్లు ఎక్కడ పెట్టాలి, ఏటా ఎవరు వచ్చి చూడాలి? ఇది తేల్చాల్సింది పబ్లిక్ గార్డెన్స్ పక్కనున్న సభలో కూర్చునే 119 మంది. కార్పొరేటర్ వల్ల కాదు, నీ వల్ల కాదు, నా వల్ల కాదు. మ్యాన్‌హోల్ మూతకు జలమండలి ఉంది, 155313 ఉంది. చట్టానికి ఏ కస్టమర్ కేరూ లేదు. దానికి మన ఎమ్మెల్యే ఒక్కడే ఉన్నాడు.

చేయగలరు కూడా. దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లు జరిగిన 2013లోనే ఉమ్మడి రాష్ట్ర సభ ప్రజా భద్రత చట్టం చేసింది. వందమంది పోగయ్యే చోటల్లా సీసీ కెమెరాలు పెట్టాలి, 30 రోజుల రికార్డింగు దాచాలి అని. ఇవాళ ఏ షాపులోకి వెళ్లినా తలెత్తితే కెమెరా కనిపిస్తుంది. చట్టం చేస్తే అలా ఉంటుంది.

సెక్రటరీ: 119 మందిలో మన ఎమ్మెల్యే ఒక్కరు. ఆయన అడిగితే రూలు మారిపోతుందా?

పెద్దాయన: ఒక్కరోజులో మారదు. కానీ ప్రశ్నోత్తరాల్లో అడిగితే మంత్రి లేచి జవాబు చెప్పి తీరాలి. పరిశీలిస్తాం అంటే అది రికార్డుకెక్కుతుంది. చేస్తాం అంటే హామీ. హామీలు ఏమయ్యాయని అడగడానికి సభలో ఒక కమిటీయే ఉంది. ముప్పై ఏళ్లు షార్ట్‌హ్యాండులో ఆ మాటలు రాసుకున్నాను నేను.

సెక్రటరీ: రాసుకున్న హామీలన్నీ తీరాయా?

పెద్దాయన: లేదమ్మా. చాలా వాటికి దుమ్ము పట్టింది. అది నాకు తెలుసు.

సెక్రటరీ: అందుకే అంకుల్, నాకు చేతికందే సాయం ముఖ్యం. సభలో ఏమవుతుందో నేను చూడలేను. మామ్మను మాత్రం పైకి ఎక్కించగలను.

పెద్దాయన: ఎక్కించు. నేనూ వచ్చి ఒక చెయ్యి వేస్తాను. కానీ అదే గ్రూపులో నెలకొక్కసారి ఇంకో మెసేజ్ కూడా రావాలి. ఈ నెల సభలో ఈ ప్రశ్న వేశాను, మంత్రి ఇలా చెప్పారు, మన నాలా పనికి ఇంత మంజూరైంది, ఇంత అయింది, ఇది ఆగింది, ఆపింది ఫలానా శాఖ అని. సభ లేని నెలలో ఏ అధికారికి ఏ ఉత్తరం రాశారో పెట్టమను. అది వస్తే పుట్టినరోజు ఫోటోలు నలభై వచ్చినా నేను నోరెత్తను.

సెక్రటరీ: రేపు మామ్మ పింఛను పని మీద వాళ్ల ఆఫీసుకు వెళ్తున్నాను. మీరు రాసివ్వండి, నా చేత్తో ఇస్తాను. ఫోటోలు ఆపమని మాత్రం అడగను. గ్రూపు కూడా తెరవను. ఈ వానాకాలం వెళ్లేదాకా ఎవరు చెప్పినా తెరవను.

పెద్దాయన: గ్రూపు సంగతి వానాకాలం అయ్యాక మళ్లీ మాట్లాడుకుందాం. కాగితం ఇవ్వు. మొదట మూత సంగతి రాస్తాను, తర్వాత మెట్ల సంగతి. ఆ మ్యాన్‌హోల్ ఎంత వెడల్పుంటుంది?

సెక్రటరీ: కొలవలేదు.

పెద్దాయన: ఇంట్లో టేపు ఉందా?

సెక్రటరీ: మా వారి డబ్బాలో ఉంది. మీరు చెప్పులేసుకోండి, తెస్తాను.