మార్కెట్ గేటు దాటని సర్వేలు

సెప్టెంబరు 8 వస్తోందంటే ఫిజియోథెరపీ కళాశాలల్లో హడావుడి మొదలవుతుంది. ర్యాలీలు, ఉచిత శిబిరాలు, ప్రపంచ ఫిజియోథెరపీ దినోత్సవ బ్యానర్లు. అంతకంటే నిశ్శబ్దంగా ఏడాది పొడవునా సాగే పని ఇంకొకటుంది: విద్యార్థుల పరిశోధన ప్రాజెక్టులు. వీటిలో రెండు రకాలు పదే పదే కనిపిస్తాయి. ఒకటి, ఫిజియోథెరపీ గురించి ఎంతమందికి తెలుసన్న అవగాహన సర్వే. రెండోది, ఫలానా వృత్తివాళ్లలో మెడ, నడుము, మోకాళ్ల నొప్పులు ఎందరికున్నాయన్న లెక్క. రెండూ కావలసినవే. తెలంగాణలో ఫిజియోథెరపీ పట్టాలిచ్చే కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం వరంగల్‌లోనే ఉంది కనుక వీటి మంచిచెడ్డలు మన ఊరి విషయం కూడా. మా పేచీ అల్లా ఎవరిని అడుగుతున్నారు, ఏమడుగుతున్నారన్న దగ్గరే.

గూగుల్ ఫామ్ తయారుచేసి వాట్సాప్ గ్రూపుల్లో పెడితే వారం తిరగకుండా రెండు మూడు వందల జవాబులు వచ్చి పడతాయి. అవి ఎవరివి? తోటి విద్యార్థులవి, నర్సులవి, బ్యాంకు ఉద్యోగులవి, మహా అయితే టీచర్లవి. ఇంగ్లిష్ ప్రశ్నలు చదివి టిక్కు పెట్టగలిగినవాళ్లే అందులో ఉంటారు. వరంగల్ ఏనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి బస్తా మోసే హమాలీ, జగిత్యాల పల్లెలో బీడీలు చుట్టే ఆడమనిషి, సిరిసిల్ల మరమగ్గం దగ్గర పన్నెండు గంటలు నిలబడే కార్మికుడు ఆ వలలో పడరు. నొప్పి ఎక్కువున్న చోటికి పోకుండా నొప్పుల లెక్క తీస్తే అది ఏం లెక్క?

ఇక ప్రశ్నల సంగతి. 'ఫిజియోథెరపీ గురించి విన్నారా' అని అడిగితే అవునంటారు. టీవీలో క్రికెటర్ దగ్గరికి పరుగెత్తే మనిషిని చూసినవాళ్లూ అవునంటారు, పక్షవాతం వచ్చిన పెద్దాయనకు ఇంటికొచ్చి కాలూ చేయీ ఆడించినతన్ని చూసినవాళ్లూ అవునంటారు. ఆ అవునుతో తేలేదేమీ లేదు. అడగాల్సింది వేరు: పోయినసారి నడుము పట్టేసినప్పుడు మొదట ఎవరి దగ్గరికి వెళ్లారు, ఎన్నాళ్లకు వెళ్లారు, ఏమిచ్చారు, ఎంతైంది, ఎన్ని రోజుల కూలి పోయింది. ఆర్‌ఎంపీ సూది, మెడికల్ షాపు మాత్ర, హనుమకొండలో స్కానింగు, నడుముకు బెల్టు... ఈ వరుసలో ఫిజియోథెరపిస్టు ఎన్నో మెట్టు మీద వచ్చాడో, అసలు వచ్చాడో లేదో తేలితే అదీ అవగాహన సర్వే.

నొప్పుల లెక్కకు చాలామంది వాడేది 1987 నాటి నోర్డిక్ ప్రశ్నావళి. మెడ, భుజాలు, మోచేతులు, మణికట్లు, వీపు పైభాగం, నడుము, తుంటి, మోకాళ్లు, చీలమండలు అని శరీరాన్ని తొమ్మిది చోట్లుగా విడగొడుతుంది. గత 12 నెలల్లో, గత 7 రోజుల్లో బాధ ఉందా, దానివల్ల పని ఆగిందా అని అడుగుతుంది. మంచి పనిముట్టే. చదివి వినిపించేటప్పుడు మాత్రం శరీరం బొమ్మ ఎదురుగా పెట్టి, ఎక్కడో వేలితో చూపించమనాలి. 'రెక్కలు గుంజుతున్నయి' అన్న మాటను ఏ గడిలో వేయాలో బొమ్మ లేకుండా విద్యార్థికి తెలియదు.

ఇంకో రెండు చిక్కులున్నాయి. యార్డుకు వెళ్లి ఆ రోజు పనిలో ఉన్న హమాలీలనే అడిగితే నొప్పులు తక్కువని వస్తుంది. నడుము పోయినవాడు అప్పటికే పని మానేసి ఇంట్లో ఉంటాడు కదా! మానేసినవాళ్లను సంఘం జాబితా పట్టుకుని వెతికి కలవాలి. రెండోది కాలం. జులై, ఆగస్టుల్లో నాట్లప్పుడు అడిగిన జవాబు, పనిలేని మే నెలలో అడిగిన జవాబు ఒకటి కావు. ఒకే గుంపును రెండు కాలాల్లో కలిస్తే తప్ప పనికీ నొప్పికీ ఉన్న లంకె బయటపడదు.

ఆ లంకె ఎలా ఉంటుందో నాటు వేసే కూలీ నడుము చూస్తే తెలుస్తుంది. పూర్తిగా వంగి ఉన్నప్పుడు వెన్ను కండరాలు దాదాపు పని మానేస్తాయి, భారమంతా వెన్నుపూసల వెనకున్న బంధనాలూ (లిగమెంట్లు), పూసల మధ్య మెత్తల్లాంటి డిస్కులూ మోస్తాయి. గంటల తరబడి సాగిన బంధనం నిటారుగా నిలబడగానే బిగుసుకోదు, కాసేపు వదులుగానే ఉంటుంది. సరిగ్గా ఆ సమయంలో గట్టు మీది నారు కట్టను ఒక్క ఊపున ఎత్తితే పట్టేస్తుంది. అందుకే అరగంటకోసారి నిలబడి, రెండు చేతులూ నడుముకు ఆనించి, ఐదారుసార్లు వెనక్కి వాలాలి. నారు కట్టలు అందించే పని వంగి నాటేవాళ్లకు కాక వేరేవాళ్లకు అప్పగించాలి. ఖర్చు లేని ఈ మాట ఏ మేస్త్రీకీ ఎవరూ చెప్పినట్టు లేదు.

హమాలీ కథ వేరు. అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు, అంటే నడుము ఎత్తులో, ఒంటికి దగ్గరగా, మెలి తిరగకుండా ఎత్తినప్పుడు 23 కిలోల వరకు ఫరవాలేదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967 సిఫారసు మగవారికి గరిష్ఠంగా 55 కిలోలంది. మన యార్డు బస్తా ఈ రెంటి మధ్యలో ఉంటుంది, కాని నేల మీద ఉంటుంది. లోడు వీపు మీదికొచ్చాక పడే కష్టం కంటే నేల నుంచి లేపి పక్కకు తిరిగే క్షణమే నడుమును దెబ్బతీస్తుంది. బస్తాను నడుమెత్తు గద్దె మీద దించుకునే ఏర్పాటుంటే సగం బాధ తప్పుతుంది. కూలి బస్తా లెక్కన కట్టినంత కాలం మధ్యలో ఆగమంటే ఎవరూ ఆగరు. కాబట్టి ముందు కావలసింది గద్దె.

బీడీ చుట్టేవారికి మెడ, ఆ తర్వాత బొటనవేలు. రోజుకు వెయ్యి బీడీలంటే వెయ్యిసార్లు ఆకు కత్తిరింపు, వెయ్యిసార్లు చుట్టడం. బొటనవేలి మొదట్లో, మణికట్టు అంచున ఉండే స్నాయువుల (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ల) తొడుగు వాస్తుంది. వేలిని పిడికిట్లో మూసి, చేతిని చిటికెన వేలి వైపు వంచితే ప్రాణం పోయినంత నొప్పి. 'నరం పట్టింది' అని తైలం రాసుకుంటూ నెలలు గడిపేస్తారు. మొద్దు కత్తెర మార్చడం, చేటను ఒళ్లో కాక చిన్న పీట మీద పెట్టడం, గోడకు ఆనుకుని కూర్చోవడం, వాపున్నప్పుడు కొన్ని వారాలు బొటనవేలికి పట్టీ వేయడం దీనికి మొదటి వైద్యం.

అవగాహన జనానికే కాదు, వృత్తిలో ఉన్నవారికీ కొరవడింది. ఫిజియోథెరపీ అంటే 'కరెంటు పెట్టించుకోవడం' అన్న పేరు ఊరికే రాలేదు. పది సిట్టింగుల ప్యాకేజీ, పది రోజులూ అదే యంత్రం, ఒక్క వ్యాయామం నేర్పకుండా పంపేయడం మన క్లినిక్కుల్లో చూస్తున్నదే. దీర్ఘకాలిక నడుము నొప్పిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు వ్యాయామాన్ని, రోగికి అర్థమయ్యేలా చెప్పడాన్ని సిఫారసు చేశాయి. నడుమును లాగే ట్రాక్షన్, చర్మం మీద కరెంటు పెట్టే టెన్స్, అల్ట్రాసౌండ్ చికిత్స, నడుము బెల్టులు మామూలుగా వాడొద్దన్నాయి. మన దగ్గర ఎక్కువ అమ్ముడయ్యేవి ఆ రెండో జాబితాలోవే. 2025 సెప్టెంబరులో ఫిజియోథెరపిస్టులు పేరు ముందు డాక్టర్ అని రాసుకోవచ్చా లేదా అన్న కేంద్ర ఉత్తర్వు, దాని ఉపసంహరణ మీద రేగినంత చర్చ ఈ మార్గదర్శకాల మీద జరిగి ఉంటే రోగులకు ఎక్కువ మేలు జరిగేది.

స్కానింగు భయం మరొకటి. నొప్పే లేని 3,110 మంది స్కానులను క్రోడీకరించి 2015లో వెలువడిన సమీక్షలో, యాభై ఏళ్లవారిలో 80 శాతం మందికి డిస్కు అరుగుదల, 60 శాతం మందికి డిస్కు ఉబ్బు కనిపించాయి. అంటే రిపోర్టులోని 'బల్జ్' (ఉబ్బు) అన్న మాట చాలాసార్లు తలనెరుపు లాంటిదే. అది చూసి మంచమెక్కితే కండరాలు సన్నబడి నొప్పి ముదురుతుంది. మోకాలికీ అంతే. 'గుజ్జు అరిగింది, మెట్లెక్కకు' అని చెప్పి పంపితే తొడ కండరం నెలల్లో కరిగిపోతుంది. చేయాల్సింది ఇది: మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, ఐదు సెకన్లు అదిమి వదలడం పదిసార్లు, రోజుకు మూడు విడతలు. కుదిరాక కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేచి కూర్చోవడం. నొప్పి పదికి నాలుగు దాటకుండా, మర్నాటికి తగ్గిపోతుంటే ఆపక్కర్లేదు. చాలామంది వారానికే మానేస్తారు. బలం రావడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుందని మొదటి రోజే ఎవరూ చెప్పకపోవడమే కారణం.

వ్యాయామం మాట ఎత్తకుండా వెంటనే పెద్దాసుపత్రికి పంపాల్సిన లక్షణాలు ఆర్‌ఎంపీల గోడల మీద అంటించి ఉండాలి: మూత్రం బిగుసుకోవడం లేదా అదుపు తప్పడం, కూర్చునే చోట తిమ్మిరి, పాదం పైకి లేవకపోవడం, నడుము నొప్పితో పాటు జ్వరం, బరువు తగ్గడం. చివరి రెండూ వెన్ను క్షయ కావచ్చు. మూత్రం, తిమ్మిరి సమస్యల్లో గంటలు కూడా లెక్కే.

ఫిజియోథెరపీకీ వర్తించే జాతీయ అనుబంధ, ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం 2021లో వచ్చింది. చట్టపరమైన గుర్తింపు దక్కిన ఈ వృత్తికి పల్లె దవాఖానలో వారానికి ఒక పూటైనా చోటివ్వాలని మేం కోరుతున్నాం. విశ్వవిద్యాలయం కూడా ఒక షరతు పెట్టవచ్చు: ఈ రకం ప్రాజెక్టుల్లో కనీసం సగం నమూనా అసంఘటిత కార్మికులది కావాలి, ప్రశ్నావళి తెలుగులో ఉండాలి, ఫలితాలు ఒక పేజీలో రాసి ఆ కార్మిక సంఘానికే తిరిగి ఇవ్వాలి. మిర్చి రాక జోరందుకునే ఫిబ్రవరిలో ఏనుమాములలో బల్ల వేసుకుని కూర్చోవాలంటే పరిశోధనలకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు వానాకాలం నాట్లప్పుడే వెళ్లాలి.