తుపాకీ పట్టేవాడికి పీజీ ఎందుకట!

డల్లాస్‌లో ఉండే బావ పంపాడు, కాలేజీ గ్రూపులో వచ్చింది, ఆఖరికి అపార్ట్‌మెంట్ గ్రూపులో నీళ్ల ట్యాంకర్ గొడవ మధ్యలో కూడా అదే మెసేజ్. దాని సారాంశం ఇది: గెరిల్లా యుద్ధాలు, తిరుగుబాట్ల మీద అమెరికా సైన్యం నడిపే పీజీ కోర్సులను మూసేద్దామంటే అక్కడి పార్లమెంటు, అంటే కాంగ్రెస్, చట్టం పెట్టి అడ్డుకుంటోంది. సైన్యం పనిలో నాయకులు వేలు పెడుతున్నారు. తుపాకీ పట్టేవాడికి డిగ్రీ ఎందుకు? చైనా, డ్రోన్ల కాలంలో ఈ చదువు దండగ. పైగా సీట్లన్నీ విదేశీయులకే. చివర్లో 'నిజమైన దేశభక్తులు షేర్ చేస్తారు' అని ఉంది. ఏ దేశపు భక్తులో రాయలేదు.

విదేశీయుల సంగతి ముందు తేల్చేద్దాం. వాషింగ్టన్‌లోని నేషనల్ డిఫెన్స్ యూనివర్సిటీలో కాలేజ్ ఆఫ్ ఇంటర్నేషనల్ సెక్యూరిటీ అఫైర్స్ అని ఒకటుంది. అందులో విదేశీ ఆఫీసర్లు చదువుతారు. పేరులోనే ఇంటర్నేషనల్ ఉంది బావా. అదే కాలేజీ ఫోర్ట్ బ్రాగ్‌లో అమెరికా స్పెషల్ ఫోర్సెస్ వాళ్లకూ ఎంఏ చెబుతూ వచ్చింది.

'డిగ్రీ ఎందుకు' అన్నదానికి ఒక్క మనిషి పేరు చాలు. విలియం మెక్‌రావెన్ అనే అమెరికా నౌకాదళ కమాండో (నేవీ సీల్) మాంటెరేలోని నేవల్ పోస్ట్‌గ్రాడ్యుయేట్ స్కూల్‌లో 1993లో థీసిస్ రాశాడు. కొద్దిమంది దాడికి దిగి తమకంటే పెద్ద బలగాన్ని ఎలా గెలవగలరన్నది దాని ప్రశ్న. 1970లో వియత్నాంలోని సాన్ టే, 1976లో ఉగాండాలోని ఎంటెబీ లాంటి పాత దాడుల్ని ఒక్కొక్కటే విప్పి చూశాడు. 2011లో అబోటాబాద్‌లో బిన్ లాడెన్ ఇంటి మీద దాడిని నడిపించిందీ ఆయనే. లైబ్రరీలో కూర్చుని టైమ్ వేస్ట్ చేశాడు, పాపం.

'నాయకుల జోక్యం' అంటారా? సైన్యాన్ని నిలబెట్టడం, దానికి నియమాలు రాయడం కాంగ్రెస్ పని అని వాళ్ల రాజ్యాంగమే చెబుతుంది. పోనీ, జోక్యం వల్ల ఏమైందో చూద్దాం. 1980లో ఇరాన్‌లో బందీలను విడిపించబోయి ఎడారిలోనే ఎనిమిది మందిని పోగొట్టుకున్నారు. సైనిక దళాల మధ్య సమన్వయం లేదని తేలింది. 1986లో సెనేటర్లు నన్, కోహెన్ కలిసి స్పెషల్ ఆపరేషన్స్‌కి ప్రత్యేక కమాండ్ ఉండాలని చట్టం తెచ్చారు. పెంటగాన్ వద్దంది. చట్టం వచ్చాక కూడా ఆ బలగాలను చూసుకోవడానికి అందులో చెప్పిన అసిస్టెంట్ సెక్రటరీ పోస్టును నింపకుండా నాన్చింది. చివరికి, ఎవరో ఒకరు వచ్చేదాకా ఆర్మీ సెక్రటరీయే ఆ పని చూడాలని 1987 డిసెంబర్‌లో కాంగ్రెస్ చెప్పాల్సి వచ్చింది. ఆ కమాండ్ ఇవాళ వద్దనమనండి పెంటగాన్‌ని, చూద్దాం.

అసలు నాకు ఒళ్లు మండేది 'ఈ కాలానికి పనికిరాదు' అన్న మాటకి. వియత్నాం నుంచి బయటపడ్డాక కూడా సరిగ్గా ఇదే అన్నారు. ఇక మన యుద్ధం యూరప్‌లో సోవియట్ ట్యాంకులతోనే అని తిరుగుబాట్ల పాఠాలను మూలన పడేశారు. 2003లో ఇరాక్‌లోకి వెళ్లారు. వీధి వీధికీ బాంబులు పేలుతుంటే ఏం చేయాలో చెప్పే కొత్త మాన్యువల్ 2006 డిసెంబర్‌కి గానీ రాలేదు. ఆర్మీ ఇలాంటిది ప్రచురించి ఇరవై ఏళ్లయిందని, మెరైన్లు ప్రచురించి పాతికేళ్లయిందని దాని ముందుమాటలోనే రాసుకున్నారు. ఇంకో ముచ్చట. కార్లైల్‌లో శాంతి పరిరక్షణ మీద ఆర్మీకి ఒక చిన్న ఇన్‌స్టిట్యూట్ ఉండేది. దాన్ని మూసేస్తామని 2002లో ప్రకటించారు. ఏడాది తిరక్కుండానే బాగ్దాద్‌లో దిగారు. తర్వాత నాలుక్కరుచుకుని ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నారు. బుద్ధొచ్చిందా? 2021లో గెరిల్లా ఎత్తులను అధ్యయనం చేసే ఆర్మీ విభాగం అసిమెట్రిక్ వార్‌ఫేర్ గ్రూప్‌ని రద్దు చేశారు. మరుసటి ఏడాదే ఉక్రెయిన్! వాన వెలవగానే గొడుగు ఎక్కడో వదిలేసి వచ్చే మనిషి లాంటిది ఈ సైన్యం. ఆ గొడుగుకి తాడు కట్టడమే చట్టం చేసే పని.

'చైనా ఉంది కాబట్టి వద్దు' అనడం మరీ అన్యాయం. దక్షిణ చైనా సముద్రంలో చేపల పడవల వేషంలో తిరిగే మిలీషియా ఎవరిది? 2014లో క్రిమియాలో బ్యాడ్జీలు లేకుండా దిగిన రష్యా సైనికులది ఏ రకం యుద్ధం? డ్రోన్ కెమెరాలో పడవ కనిపిస్తుంది. అందులో ఉన్నవాడు జాలరో సైనికుడో, వాడితో ఎలా వ్యవహరించాలో డ్రోన్ చెప్పదు.

చట్టం లేకపోతే ఏమవుతుందో చూడాలంటే గుర్గావ్ దగ్గర బినోలా వెళ్లండి. కార్గిల్ తర్వాత సుబ్రహ్మణ్యం కమిటీ సిఫార్సు చేసిన మన డిఫెన్స్ యూనివర్సిటీకి 2013లో అక్కడ శంకుస్థాపన చేశారు. 2016లో ముసాయిదా బిల్లు జనం ముందు పెట్టారు. పునాదిరాయి పడి పదేళ్లు దాటినా క్లాసులు మొదలవలేదు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. మెసేజ్ రాసినవాళ్లకి తట్టలేదు గానీ, చట్టం మంచినే కాపాడుతుందన్న గ్యారంటీ లేదు. లాటిన్ అమెరికా సైనికుల కోసం అమెరికా ఆర్మీ నడిపిన స్కూల్ ఆఫ్ ది అమెరికాస్‌లో చదివినవాళ్లలో పనామా నియంత నోరియెగా ఉన్నాడు. చిత్రహింసల్ని సమర్థించే మాన్యువల్స్ అక్కడ వాడారని 1996లో బయటపడింది. 2000లో దాన్ని మూసి, మరుసటి ఏడాది కొత్త పేరుతో తెరిచారు. ఆ కొత్త సంస్థను నిలబెట్టింది కూడా చట్టమే. కనీసం ఎనిమిది గంటలు మానవ హక్కులు చెప్పాలన్న షరతు మాత్రం అందులో చేర్చారు. ఎనిమిది గంటలు సరిపోతాయా అంటే నా దగ్గర జవాబు లేదు.

పైగా చట్టంలో కాలేజీ పేరు ఉంటే పేరు చెరగదు, అంతే. 2020లో ఆ నేషనల్ డిఫెన్స్ యూనివర్సిటీలోనే ఉన్న సైబర్ కాలేజీని ఎత్తేయబోతే, 2021 సంవత్సరపు రక్షణ చట్టం ఆపింది, నిజమే. కానీ సీట్లు తగ్గించవచ్చు, రిటైరైన ప్రొఫెసర్ కుర్చీని ఖాళీగా ఉంచవచ్చు, నిధులను మెల్లగా వేరే పద్దులోకి మళ్లించవచ్చు. అడగాల్సింది ఇదీ. దీని గురించి ఆ మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు.