జెండా జేబుకు, తీరం పరాయి ఓడకు

ఏటా ఏప్రిల్ 5, జాతీయ నౌకాయాన దినం, దగ్గరపడితే ఢిల్లీలో పెద్దల కోటు జేబుకు చిన్న జెండా బ్యాడ్జీ ఎక్కుతుంది. 1919లో అదే రోజున బొంబాయి నుంచి లండన్‌కు బయలుదేరిన ఎస్సెస్ లాయల్టీ ఓడను తలుచుకుంటారు. ఓడ సరే. అది ఏ కంపెనీది, ఆ కంపెనీ ఎవరితో తలపడింది, చివరికి ఏమైంది? ఆ సంగతులు ఉపన్యాసాల్లో రావు. వస్తే ఇబ్బంది. ఆ కంపెనీ ఏళ్ల తరబడి దేని కోసం పోరాడిందో దాన్నే ఇప్పుడు బ్యాడ్జీ పెట్టుకున్నవాళ్లు ముక్కముక్కలుగా వదిలేస్తున్నారు.

విశాఖలో సింధియా అంటే బస్సు కండక్టరు కేకేసే ఒక స్టాపు. ఆ పేరు లాయల్టీని నడిపిన సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీది. వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తమ్ మొరార్జీ మొదలుపెట్టిన ఆ కంపెనీయే 1941లో ఇక్కడ ఓడల కర్మాగారానికి రాజేంద్రప్రసాద్ చేత శంకుస్థాపన చేయించింది. 1948 మార్చిలో నెహ్రూ నీళ్లలోకి దింపిన జల ఉష ఓడ ఇక్కడ కట్టిందే.

అంతవరకూ రావడానికి ఆ కంపెనీ ఎంత నలిగిందో చెప్పుకోవాలి. మన తీరం మీద అప్పట్లో బ్రిటిష్ ఇండియా అనే తెల్లవాళ్ల ఓడల కంపెనీదే రాజ్యం. దేశీ ఓడ రేవులో కనిపిస్తే చాలు, కిరాయి దించేసేది. అంతకన్నా గట్టి ఆయుధం రిబేటు. మా ఓడలకే సరుకిస్తే కట్టిన కిరాయిలో కొంత వెనక్కిస్తామని వర్తకుడికి చెప్పేవారు. కానీ చేతికిచ్చేది కొన్ని నెలలాగి. ఈలోపు ఒక్క బస్తా దేశీ ఓడకెక్కినా ఆ డబ్బు గోవిందా. అలాంటప్పుడు దేశభక్తి ఉన్న వర్తకుడైనా ఏం చేస్తాడు? 1923లో సింధియా ఒప్పందానికి తలొంచాల్సి వచ్చింది. పదేళ్లపాటు విదేశీ రూట్ల జోలికి పోకూడదు, ఓడల మొత్తం మోత సామర్థ్యం పరిమితి దాటకూడదు. తీర రవాణాను దేశీ ఓడలకే కేటాయించాలని 1928లో ఎస్.ఎన్. హాజీ కేంద్ర శాసనసభలో బిల్లు పెట్టారు. తెల్లదొరలు దాన్ని చట్టం కానివ్వలేదు. స్వాతంత్ర్యం వచ్చాకే ఆ కోరిక తీరింది.

అలా పరాయి ఓడలకు మూసిన తలుపు 2018 మేలో సందు తెరుచుకుంది. ఎగుమతి, దిగుమతి కంటైనర్లను మన రేవుల మధ్య మోసుకెళ్లడానికి విదేశీ ఓడలకు లైసెన్సు అక్కర్లేదన్నారు. 2025లో వచ్చిన తీర నౌకాయాన చట్టం మన ఓడలకు ట్రేడింగ్ లైసెన్సు బెడద తీసేసింది, మంచిదే. విదేశీ ఓడల లైసెన్సు తాళంచెవి మాత్రం షిప్పింగ్ డైరెక్టర్ జనరల్ చేతిలో ఉంది. ఈ ఒక్కసారికి, ఈ ఒక్క సరుకుకు అంటూ మొదలయ్యే మినహాయింపు తర్వాత ఎక్కడ ఆగుతుందో చెప్పేవారు లేరు.

మన దగ్గర ఓడలు చాలవు, కంటైనర్లు కొలంబో వెళ్లి ఓడ మారుతున్నాయి, పోటీ ఉంటే కిరాయి తగ్గుతుంది అని వాదించేవారున్నారు. కొంత నిజమే. అయితే కిరాయి తగ్గడం ఈ తీరం ఎప్పుడో చూసింది. 1906లో చిదంబరం పిళ్లై తూత్తుకుడిలో స్వదేశీ ఓడల కంపెనీ పెడితే, పోటీ కంపెనీ టికెట్టు ఊరికే ఇచ్చి పైగా గొడుగు కూడా చేతిలో పెట్టిందంటారు. పిళ్లై జైలుకెళ్లారు, కంపెనీ మూతపడింది. ఆ తర్వాత ఎవరికీ గొడుగులు పంచాల్సిన అవసరం రాలేదు.

ఓడలు చాలవనేవారు అవి ఎందుకు చాలడం లేదో కూడా చెప్పాలి. సింధియా 1980లలో అప్పుల్లో కూరుకుపోయి, తర్వాత కనుమరుగైంది. మిగిలిన ప్రభుత్వ రంగ షిప్పింగ్ కార్పొరేషన్‌ను అమ్ముతామంటూ 2020 డిసెంబరులో ప్రభుత్వమే కొనేవాళ్లను పిలిచింది. ఉన్నది అమ్మకానికి పెట్టి, లేదు కాబట్టి పరాయివాడిని రమ్మంటారా? పైగా ఏప్రిల్‌లో లాయల్టీకి జేజేలా?

ఏ సరుకుకు, ఎన్నేళ్లకు, ఏ షరతుతో విదేశీ ఓడలను రానిస్తున్నారో షిప్పింగ్ శాఖ పార్లమెంటు ముందు పెట్టాలి. ప్రతి మినహాయింపుకూ గడువు తేదీ రాయాలి. అది చేతకాకపోతే వచ్చే ఏడాది ఆ బ్యాడ్జీలను డ్రాయరులోనే ఉంచండి.