నల్గొండకూ ఒక చేప కౌంటర్ ఇవ్వండి సారూ

సర్కారును ఊరికే తిట్టేవాళ్ళు ఎక్కువైపోయారు కాబట్టి ఈసారి మెచ్చుకుందామని కూర్చున్నాను. మృగశిర కార్తె వస్తే హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో ఉబ్బసానికి చేప ప్రసాదం వేస్తారు కదా, అంటే మందు పెట్టిన బతికున్న చేప పిల్లను మింగిస్తారు, దానికి జరిగే ఏర్పాట్లు చూస్తే ఎవరికైనా కళ్ళు చెమరుస్తాయి. మత్స్యశాఖ కొర్రమీను పిల్లల్ని తెచ్చి పెడుతుంది, ఆర్టీసీ స్పెషల్ బస్సులు వేస్తుంది, జలమండలి నీళ్ళిస్తుంది, పోలీసులు బారికేడ్లు కడతారు, ఆరోగ్యశాఖ కూడా ఓ మూలన శిబిరం పెట్టుకుని కూర్చుంటుంది. ఇన్ని శాఖలు ఒకే రోజు ఒకే చోట కలిసి పనిచేయడం మా దగ్గర వడ్ల కొనుగోళ్ళప్పుడు కూడా చూడలేదు. అయితే, అది పనిచేస్తుందా లేదా అనే ఒక్క ప్రశ్న మాత్రం ఇందులో ఏ శాఖ పరిధిలోకీ రాదు.

దీని మీద రాజకీయ చర్చ లేదని ఎవరన్నారు? బ్రహ్మాండంగా ఉంది. "ఈసారి కౌంటర్లు పెంచినం" అని అధికార పక్షం, "మా హయాంలో టెంట్లు ఇంతకంటే మంచిగుండె" అని ప్రతిపక్షం. టీడీపీ పోయి కాంగ్రెస్ వచ్చింది, రాష్ట్రం రెండయింది, గులాబీ వచ్చింది, పోయింది, మళ్ళీ కాంగ్రెస్ వచ్చింది, ఏర్పాట్లు మాత్రం చెక్కుచెదరలేదు. ఇంత విధానపరమైన నిలకడ మన విద్యారంగంలో ఉంటే ఎక్కడో ఉండేవాళ్ళం.

చట్టం సంగతి కూడా చక్కగా సర్దేశారు. ఔషధ నియమాల్లో షెడ్యూల్ జె అని ఓ జాబితా ఉంది, అందులోని జబ్బుల్ని నయం చేస్తామని ఏ మందూ చెప్పుకోకూడదు. బట్టతల అందులో ఉంది, ఒంటి రంగు తెల్లగా చేయడం ఉంది, మన ఉబ్బసమూ ఉంది. మూఢనమ్మకాల మీద పోరాడే జన విజ్ఞాన వేదిక వాళ్ళు ఊరుకోక కోర్టుల దాకా వెళ్ళారు, ఒకప్పటి చేప మందు ఇప్పుడు ప్రసాదం అయింది. ఇక ట్రయల్స్ అక్కర్లేదు, లోపల ఏముందో చెప్పే లేబుల్ అక్కర్లేదు. అడిగితే ప్రభుత్వం వైద్యానికి సాయం చేయట్లేదు, భక్తులకు సౌకర్యాలు కల్పిస్తోంది, అంతే. (వేసే కుటుంబం మీద నాకు ఏ పేచీ లేదు. 1845 నుంచి వస్తున్న ఆచారమంటారు, ప్రసాదానికి పైసా తీసుకోరు. నా భక్తి అంతా సర్కారు మీదే.)

పైగా కొర్రమీను 2016 నుంచి మన రాష్ట్ర చేప. రాష్ట్ర చేప రాష్ట్ర పౌరుడి గొంతులోంచి ప్రాణాలతో దిగడం కన్నా గొప్ప ప్రోటోకాల్ ఏముంటుంది? కొందరు డాక్టర్లు అడ్డు పుల్ల వేస్తారు, చేప పోయేది అన్నవాహికలోకి, ఉబ్బసం ఉండేది శ్వాసనాళాల్లో, రెండింటి దారీ వేరు కదా అని. చేప దారి తప్పి ఊపిరి గొట్టంలోకి పోతే జరిగేదాన్ని వైద్యం అనరు అని కూడా అంటారు. ఇవన్నీ టెక్నికల్ విషయాలు, ప్రజాస్వామ్యంలో వీటికి చోటు లేదు.

ఈ వైద్యంలో నాకు నచ్చింది దాని నియమావళి. వరసగా మూడేళ్ళు రావాలి, ప్రతిసారీ 45 రోజులు పథ్యం. ఉబ్బసం ఎలాగూ కొన్నాళ్ళు పీక్కుతిని కొన్నాళ్ళు తనంతట తనే నెమ్మదించే జబ్బు. నెమ్మదిస్తే చేప గొప్ప, నెమ్మదించకపోతే నువ్వు రెండో ఏడు రాలేదు, లేదా పథ్యంలో ఎక్కడో వంకాయ తిన్నావు. ఎన్నికల మేనిఫెస్టో కూడా ఇంత పకడ్బందీగా రాయలేరు.

చరిత్రలో ఒక్క చిన్న మచ్చ ఉంది. ప్రపంచమంతా ఊపిరాడక అల్లాడిన కరోనా మూడేళ్ళూ ఈ ఊపిరి ప్రసాదం బంద్, మళ్ళీ 2023లోనే మొదలైంది. జనం గుమిగూడితే జబ్బు అంటుకుంటుందని ఆపారట, అంటే ఆ మూడేళ్ళు సర్కారు సైన్సును నమ్మింది. పొరుగు రాష్ట్రం వాళ్ళు నయం. 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య కరోనాకని ఇచ్చిన నాటు మందును ముందు ఆపారు, తర్వాత పరీక్షకు పంపారు, హాని ఉన్నట్టు తేలలేదు, కరోనా తగ్గుతుందని కూడా తేలలేదు, అయినా నెలాఖరుకల్లా కంట్లో వేసే చుక్కలు తప్ప మిగతావాటికి అనుమతి ఇచ్చేశారు. హాని లేదంటే చాలు, పనిచేసినట్టే! ఈ లెక్కన మా మునుగోడు రోడ్డు మీద అమ్మే నిమ్మసోడాకు కూడా అనుమతి రావాలి.

ఇప్పుడు మా జిల్లా బాధకు వస్తాను. మిర్యాలగూడ రైస్ మిల్లుల దుమ్ము పీల్చేది మేము, చేప కోసం నాంపల్లి దాకా పోవాల్సింది కూడా మేమే. నల్గొండ నుంచి సికింద్రాబాద్ రైలు బీబీనగర్ మీదుగానే పోతుంది, అక్కడ ఎయిమ్స్ ఉంది, 2019 నుంచి ఎంబీబీఎస్ కూడా చెప్తున్నారు. మావాళ్ళు ఆ స్టేషన్లో దిగరు. దిగితే గొట్టంలోకి ఊదించి ఊపిరి కొలుస్తారు, రోజూ ఇన్‌హేలర్ పీల్చమంటారు, మళ్ళీ రమ్మంటారు, ఇదీ ఒక వైద్యమేనా? ఇన్‌హేలర్ అంటే మా దగ్గర ఇప్పటికీ "అలవాటైతే ఇగ ఇడువది" అనే భయమే, పెళ్ళిచూపులకు వస్తున్నారంటే పిల్ల బ్యాగులోంచి తీసి బీరువాలో దాచేస్తారు. చేప మింగొచ్చిన సంగతి మాత్రం వాడకట్టంతా చెప్పుకుంటారు.

నిరూపణ అయినవి మాకు అచ్చిరావు కూడా. నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం వాడే పద్ధతిని నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు 1970ల్లో తయారుచేసి మా ఊరి పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని. ఆఫ్రికా దేశాల్లో కూడా వాడారు. అయితే ఏం లాభం, పటిక బకెట్ పక్కన నిలబడి ఫొటో దిగితే ఏ లీడర్‌కైనా ఓట్లు పడతాయా? కాబట్టి మా డిమాండ్ ఒక్కటే, వచ్చే మృగశిరకు నల్గొండలో ఒక చేప కౌంటర్, మహబూబ్‌నగర్‌లో ఇంకొకటి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో పాలమూరు ఒకటి, కొత్తవి ముందు మా మీద ప్రయోగించడం మీకు అలవాటే.

ఈ మాట మా దగ్గరి రెండు పార్టీల లీడర్ల చెవిన వేస్తే ఇద్దరూ ఎగిరి గంతేశారు. అయితే నేను ఒక చిన్న షరతు పెట్టాను. శాకాహారులకు ఎలాగూ ఆ మందును చేప బదులు బెల్లంలో పెట్టి ఇస్తున్నారు కదా, అంటే రెండు లైన్లు తయారుగా ఉన్నాయి, మూడో లైన్లో ఏ మందూ కలపని ఉత్త బెల్లం ఇద్దాం. ఎవరు ఏ లైనో వాళ్ళకే తెలియకుండా చీటీలు తీద్దాం. చేప మింగినవాడికి తెలిసిపోతుంది, నిజమే, కనీసం బెల్లం లైన్లు రెండింటికైనా తెలియదు. ఫోన్ నంబర్లు రాసుకుని, ఆ రోజు ఓసారి, ఆరు నెలలకు ఓసారి అందరిచేతా ఊపిరి ఎంత బలంగా వదులుతున్నారో కొలిచే పీక్ ఫ్లో మీటర్ ఊదిద్దాం, అది కొన్ని వందల రూపాయల వస్తువు. బారికేడ్లకు పెట్టే ఖర్చులో ఇది లెక్కలోకే రాదు.

ఇద్దరూ శ్రద్ధగా విన్నారు. చీటీల దగ్గరికి వచ్చేసరికి అధికార పార్టీ ఆయన మొహం మారింది. "అన్నా, ఆ ఉత్త బెల్లం లైన్ల మా మండలపోల్లు వడితే ఎట్లనే?" అన్నాడు. వాళ్ళ మండలం వాళ్ళకు చీటీలు లేకుండా డైరెక్ట్‌గా చేపే ఇవ్వాలట. ప్రతిపక్షం ఆయన అంతకంటే ముందుచూపున్నవాడు, వాళ్ళ పార్టీ గెలిస్తే మూడు లైన్లలోనూ చేపే ఇస్తామని అక్కడికక్కడే హామీ ఇచ్చేశాడు.