పొట్లంలో చిన్న మాత్ర, రిపోర్టులో ఒక సున్నా

మా పెద్దమ్మది కోనసీమలో ఒక లంక ఊరు. పోయిన ఏడాది రక్తపరీక్ష చేయిస్తే తెల్ల రక్త కణాలు 15,600 వచ్చాయి. మామూలుగా 4,000 నుంచి 11,000 మధ్య ఉండాలి. ఆ కణాల్లో రకాలవారీగా న్యూట్రోఫిల్స్ 88 శాతం, లింఫోసైట్స్ 8, మోనోసైట్స్ 4, ఇసినోఫిల్స్ సున్నా. జ్వరం లేదు, దగ్గు లేదు, అయినా ఇన్ఫెక్షనే అని ఒకచోట యాంటీబయాటిక్ రాశారు, వారం వాడినా ఆ అంకె దిగలేదు. రెండోచోట డాక్టరుగారు రిపోర్టు మొత్తం చదివి ఆ సున్నా దగ్గర ఆగారు. "ఏం మాత్రలు వేసుకుంటున్నారమ్మా?" అన్నారు. పెద్దమ్మ సంచీలోంచి కాగితం పొట్లం తీసింది. వేళ్ళ కణుపులు వాచిపోతున్నాయని ఊళ్ళో ఆరెంపీ దగ్గర తెచ్చుకునేది. పేరు లేని మూడు మాత్రలు, ఒకటి మరీ చిన్నది, తెల్లది. ఎనిమిది నెలలుగా అవే.

ఆ చిన్నది స్టెరాయిడ్. కిడ్నీల మీద టోపీల్లా కూర్చునే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్ తయారు చేస్తాయి, ఈ మాత్ర దానికి చుట్టమే, కాకపోతే బలం చాలా ఎక్కువ.

ఇక్కడే చాలామంది పొరబడతారు. తెల్ల కణాలు పెరిగాయంటే ఒంట్లో సైన్యం పెరిగిందనుకుంటాం. నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటు ఆగిపోయిన రోజు చూడండి, ఒడ్డున జనం కిక్కిరిసి ఉంటారు, కానీ అవతల సఖినేటిపల్లిలో దిగేవాడు ఒక్కడూ ఉండడు. స్టెరాయిడ్ చేసేది అదే. ఎముక మజ్జ నుంచి న్యూట్రోఫిల్స్‌ని రక్తంలోకి రప్పిస్తుంది, వాటి ఆయుష్షు పెంచుతుంది, రక్తనాళాల గోడకి అంటుకుని అవతల ఉన్న కండలోకో ఊపిరితిత్తుల్లోకో దాటనివ్వదు. రక్తంలో లెక్క పెరుగుతుంది, సూక్ష్మజీవి ఉన్న చోటికి చేరేవి తగ్గుతాయి. లింఫోసైట్స్, ఇసినోఫిల్స్ మాత్రం రక్తంలోంచి తప్పుకుంటాయి. కొన్ని మజ్జలోకి, లింఫు గ్రంథుల్లోకి వెళ్ళిపోతాయి, కొన్ని చచ్చిపోతాయి. పెద్దమ్మ రిపోర్టులో సున్నా అలా వచ్చిందే.

అడ్రినలిన్ అనే ఇంకో హార్మోన్ సంగతి వేరు. అదీ ఆ అడ్రినల్ గ్రంథి నుంచే వస్తుంది గానీ దానిది నిమిషాల వ్యవహారం. సంక్రాంతికి భీమవరం పక్కన ఏ బరి దగ్గరో, చేతిలో డబ్బు పట్టుకుని టెన్షన్‌తో నిలబడ్డవాడి రక్తం తీసి చూస్తే తెల్ల కణాలు పెరిగే ఉంటాయి, ఎందుకంటే నాళాల గోడల్ని, ప్లీహాన్ని పట్టుకుని ఉన్న కణాలు ఒక్కసారిగా ప్రవాహంలోకి వచ్చేస్తాయి. దెబ్బ తగిలితే పనికొస్తాయని ఒళ్ళు చేసుకునే ఏర్పాటు అది. పందెం అయిపోయి మనిషి కుదుటపడితే సర్దుకుంటుంది. నెలల తరబడి నడిచే స్టెరాయిడ్ అలా సర్దుకోనివ్వదు.

అలాగని స్టెరాయిడ్‌ని విషం అనే వాళ్ళతోనూ నేను ఏకీభవించను. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కీళ్ళవాతం రోగికి కార్టిజోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే కదల్లేని మనిషి కొద్దిరోజుల్లోనే నడిచింది, 1950లో హెంచ్‌కి నోబెల్ కూడా వచ్చింది. కోవిడ్‌లో రోజుకి 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వెంటిలేటర్ మీదున్న వాళ్ళ మరణాల్ని మూడో వంతు తగ్గించింది, ఆక్సిజన్ అవసరం లేని వాళ్ళకి మాత్రం లాభం చూపలేదు. అదే మందుని అడ్డూఅదుపూ లేకుండా వాడినచోట, అందులోనూ షుగర్ ఉన్నవాళ్ళలో, 2021లో బ్లాక్ ఫంగస్ ఎలా పట్టుకుందో మనం చూశాం.

ఆరెంపీని ఒక్కణ్ణే తిట్టి లాభం లేదు. లంకల్లో రాత్రి పూట పిలిస్తే వచ్చేది ఆయనే, పట్నం వెళ్ళాలంటే ఒకరోజు కూలి పోతుంది. "ఆయన మాత్ర వేసుకుంటే తెల్లారేసరికి లేచి ముగ్గేస్తానురా" అంటుంది పెద్దమ్మ, అబద్ధం కాదు. కానీ పేరు దాచి ఇవ్వడం మాత్రం నేను ఒప్పుకోను. పేరు తెలిస్తే మొదటి డాక్టరు యాంటీబయాటిక్ రాసేవారు కాదేమో. పేరు తెలియక ఎవరైనా పొట్లం ఒక్కసారిగా ఆపేస్తే ఇంకా ప్రమాదం, ఎందుకంటే బయటి నుంచి వస్తోంది కదా అని అడ్రినల్ గ్రంథి నిద్రపోయి ఉంటుంది, బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే పెద్దమ్మకి డోసు నెలల మీద కొంచెం కొంచెం తగ్గించారు, అది కూడా పొద్దున్నే వేసుకోమన్నారు, ఒంట్లో కార్టిసాల్ సహజంగా ఎక్కువుండేది ఆ వేళకే కాబట్టి.

బదులుగా ఇచ్చింది కీళ్ళవాతానికి వాడే మెథోట్రెక్సేట్, వారానికి ఒక్కసారే. ఈ మందు తయారైంది అమెరికాలోని లెడర్లీ అనే మందుల కంపెనీలో, మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం చేతుల మీదుగా. ఈ ముక్క చెబితే పెద్దమ్మ మాత్రని కాసేపు అటూఇటూ తిప్పి చూసుకుంది.

మొన్నటి రిపోర్టులో తెల్ల కణాలు 8,200, ఇసినోఫిల్స్ 3 శాతం. స్టెరాయిడ్‌తో గుండ్రంగా ఉబ్బిన ముఖం తగ్గి పాత ముఖం వచ్చింది. ఇన్నాళ్ళూ "నిండుగా ఉన్నావమ్మా" అని మెచ్చుకున్న పక్కింటావిడ ఇప్పుడు గుమ్మంలోకి వచ్చి, "ఏంటి వదినా, ఇలా చిక్కిపోయావ్, ఒంట్లో బాగోలేదా?" అని అడుగుతోంది.